నాయనమ్మ విత్తనాల మూట, మామయ్య బోటు

మొన్న ఆదివారం గుంటూరు చేపల బజారులో, పొట్ట నిండా గుడ్లున్న వంజరాన్ని నా ముందు పెట్టి, ఇది నడిసముద్రం సరుకండీ, అక్కడ నిషేధాలూ అవీ ఏమీ ఉండవు, ఎవరికి దొరికింది వాళ్ళదే అన్నాడు దుకాణదారు. పాపం, అతనికేం తెలుసు, సరిగ్గా ఆ మాటే ఇరవయ్యేళ్ళ కిందట నా చేత్తో నేనే రాశానని!

అప్పట్లో నేను ఒంగోలులో గుమాస్తాని. పర్చూరు దగ్గర మా ఊళ్ళో వరసగా రెండేళ్ళు పత్తిని పురుగు తినేస్తే, మా బాబాయి మనసు విరిగి, తీరంలో ఉండే పాత స్నేహితుడితో కలిసి ఇంజను బోటులో వాటా తీసుకున్నాడు. ఆ స్నేహితుణ్ణి మేం మామయ్యా అని పిలిచేవాళ్ళం. ఏటా మా ఇంటికి ఎండుచేపలు తెచ్చి మిరపకాయలు పట్టుకెళ్ళేవాడు. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో బోట్లు కదలకూడదని ప్రభుత్వం నిషేధం పెడితే, మంచిదేలే అని వలలు బాగుచేసుకుంటూ కూర్చునేవాడాయన. బాబాయికి మాత్రం కాలు నిలిచేది కాదు.

"మనం కూర్చుంటే అవతల పెద్ద ఓడలోళ్ళు కూర్చుంటున్నారా బావా? మొత్తం ఊడ్చుకుపోతున్నారు!" అనేవాడు. అందులో అబద్ధం లేదు, అదే నా బాధ.

చివరికి మామయ్య కూడా మెత్తబడ్డాడు, ఇద్దరూ దరఖాస్తు రాయమని నా దగ్గరికొచ్చారు. మన దేశపు హద్దు దాటిన సముద్రం ఏ దేశానిదీ కాదు గనక అక్కడ మా బోటుకు నిషేధం వర్తించదని, ఎవరికి దొరికింది వాళ్ళదేనని, అబ్బో, ఏం రాశాననుకున్నారు! మత్స్యశాఖ ఆఫీసులో ఇస్తే, అందినట్టు ముద్ర వేసి నకలు చేతికిచ్చారు. ఆ గుండ్రటి ముద్ర చూసి అనుమతి వచ్చేసిందనుకున్నారిద్దరూ. అది ఉత్త రశీదేనని గుమాస్తాగిరీ చేసే నాకు తెలుసు. కానీ పత్తి పోయిన ఆ రెండేళ్ళ తర్వాత మొదటిసారి బాబాయి ముఖంలో కనిపించిన వెలుగు చూసి నోరు మూసుకున్నాను. మామయ్య ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి బోటులో దాచుకున్నాడు.

హద్దు దాటేంత దూరం ఆ బోటు ఎక్కడ వెళ్తుందండీ! తీరానికి దగ్గర్లోనే వలలు వేసి నాలుగో రోజుకే నిండుగా తిరిగొచ్చింది. బాబాయి ఇంటికి తెచ్చిన చేపల్ని నాయనమ్మ పెరట్లో కోస్తుంటే ప్రతి పొట్టలోనూ గుడ్లే. ఏటా మంచి మిరప మొక్కల కాయలు ఏరి విత్తనానికి మూటగట్టే మనిషి ఆవిడ. ఎంత కటకటగా ఉన్న ఏడైనా ఆ మూటలోంచి ఒక్క కాయ కారానికి తీయనిచ్చేది కాదు. కత్తిపీట పక్కకు నెట్టి, "ఏరా, విత్తనాలు కూడా వండుకు తింటున్నారట్రా?" అంది. అయినా అందరం కూర మాత్రం తిన్నాం.

తీరంలో మిగతా బోట్లవాళ్ళూ ఆ ముద్ర చూశారు, జిరాక్సులు తీయించుకున్నారు, కదిలారు. నాలుగైదేళ్ళు తిరిగేసరికి వలల్లో వేలెడేసి చేపపిల్లలు తప్ప ఏమీ పడలేదు. బాబాయికి పొలం ఉంది, వాటా వదిలేసుకుని మిరపకి తిరిగొచ్చాడు. మామయ్యకేముంది? బోటు అమ్మేసి, ఆ ఫిబ్రవరిలో భార్యతో కలిసి మా చేలోకే మిరపకోత కూలికి వచ్చాడు. నేను చేలోకి వెళ్ళేసరికి పండిన చెట్ల ముందు ఆగి ఉన్నాడు.

"విత్తనానికి ఏ చెట్లు వదలమంటారండీ?" అని అడిగాడు.

చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకు తిప్పిన మనిషి, నన్ను అండీ అన్నాడు. చేత్తోనే రెండు చెట్లు చూపించాను. ముద్ర సంగతి అప్పుడైనా చెప్పాల్సింది, చెప్పలేదు.

ఇప్పుడు మా ఇళ్ళల్లో విత్తనాల మూటలు లేవు, పాకెట్లు కొనుక్కుంటున్నాం. సముద్రంలో అలా విత్తనం కొని పోసే వీలు లేదు. నడిసముద్రానికీ కట్టుబాట్లు పెట్టాలని దేశాలన్నీ మాట్లాడుకుంటున్నాయని పేపర్లో చదువుతుంటాను. పెట్టాలి, గట్టిగానే పెట్టాలి, కాపలా కాసేవాళ్ళూ ఉండాలి. కానీ ప్రతి దేశంలోనూ నాలాంటి గుమాస్తా ఒకడుంటాడు గదా అని నా భయం.

ఆ వంజరాన్ని వద్దన్నాను. మీరు కొనకపోతే ఇంకొకరు కొంటారండీ అని నవ్వాడు దుకాణదారు. నేను సంచీ సర్దుకునేలోపే ఎవరో కొన్నారు కూడా.