ఎండపలక మీద పది బొట్లు

మా బావ వీరభద్రం ఇత్తడి సామాను దుకాణం నడిపే ఇంట్లో పుట్టి, బిందెలు అమ్మడం చేతగాక రేడియో మెకానిక్ అయ్యాడు. ఈ మాట నేను పుట్టించింది కాదు, వాళ్ల నాయనే అనేవాడు. నేను దానికి ఇంకో రెండు కలిపేదాన్ని. మరదలిని, ఆ మాత్రం హక్కుంది. పైగా హనుమకొండ టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఆపరేటరుని, పొద్దంతా మాటలతోనే పని. అనసూయకు నోరెక్కువని మా వాడకట్టంతా ఒప్పుకుంటుంది. ఆ నోరు సరిగ్గా అవసరమైన రోజున లేవలేదు. అది తలచుకున్నప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

బావ షాపు వరంగల్ చౌరస్తాకు దగ్గర్లోనే. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి బయటే ఉండాలి. మూగబోయిన రేడియోను చెవికి ఆనించుకుని, వేలితో రెండుసార్లు తట్టి, లోపల ఏం పోయిందో చెప్పేవాడు. చాలాసార్లు అదే నిజమయ్యేది. మనిషి మంచివాడు. కోపం మాత్రం ముక్కు మీద ఉండేది.

మా అక్క కళావతిని 1970లో ఆయనకిచ్చాం. అక్క గొంతు మా ఇంటికి గొప్ప. బతుకమ్మ ఆడేటప్పుడు మొదటి పాట ఎత్తుకునేది అక్కే, మిగతావాళ్లు వెనక అందుకునేవాళ్లు. పెళ్లయిన నాలుగేళ్లకు టైఫాయిడ్ జరం వచ్చింది. ఇరవై రోజులు పెద్ద దవాఖానలో ఉండి బతికి బయటపడింది కానీ రెండు చెవులూ పోయాయి. ఎదురుగా నిలబడి మెల్లగా మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకునేది. వెనక నుంచి పిలిస్తే తెలిసేది కాదు. ఆ ఏడాది నుంచి బతుకమ్మ దగ్గర అక్క పాడటం మానేసింది. పక్కవాళ్ల చేతులు చూసి తానూ చప్పట్లు కొడుతూ తిరిగేది.

అక్కకు వినపడకపోవడం బావకు మొదట్లో పెద్ద బాధ. తర్వాత అదొక సౌకర్యం కూడా అయింది. షాపులో ఎవరి మీదో వచ్చిన కోపం ఇంటికి తెచ్చుకుని, అటు తిరిగి నోటికొచ్చింది అనేసేవాడు. కూరలో ఉప్పెక్కువైతే అక్క వీపు వెనక తిట్టి, ఎదురుగా తిరిగి బాగుందన్నట్టు తలూపేవాడు. అది చూసి నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. ఏం తిట్టిండే అని అక్క అడిగితే, నిన్ను రంభ అన్నాడని చెప్పేదాన్ని. ఆ నవ్వులకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

1978లో బావ హైదరాబాదు పోయి అక్కకు చెవి మిషను తెచ్చాడు. రెండు అగ్గిపెట్టెలంత డబ్బా, దాన్ని జాకెట్టుకు తగిలించుకోవాలి, అక్కడినుంచి ఒక వైరు చెవిలోకి పోతుంది. మిషను మంచిదే, కానీ అది పెన్సిల్ సెల్లు తింటుంది. పొద్దంతా పెట్టుకుంటే నాలుగైదు రోజులకు సెల్లు ఖతం. అక్క పొదుపరి. సెల్లు ఊరికే కాలబెట్టడం ఇష్టంలేక మిషనును ఇనప పెట్టెలో దాచి, పెళ్లిళ్లకూ పబ్బాలకూ మాత్రమే తీసేది. ఇంట్లో ఎందుకు పెట్టుకోవే అంటే, నా మొగని మూతి చూస్తే తెలుస్తలేదా అని నవ్వేది.

అదే బావను తొలిచింది. నేనొక మెకానిక్‌ని, నా పెండ్లాం సెల్లు ఖర్చుకు చూసుకుంటూ చెవిటిదై బతకాలా అని ఒకరోజు నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మళ్లీ చార్జి చేసుకునే సెల్లులు వచ్చాయని విని రెండు తెప్పించాడు. కరెంటుతో చార్జి చేసే డబ్బా తయారుచేస్తే, మా వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు ఆ రెండూ ఉడికి చచ్చాయి. అప్పుడు ఆయన చూపు ఎండ మీద పడింది. మా వరంగల్‌లో దేనికైనా కరువుండొచ్చు గాని ఎండకు లేదు కదా.

బావ దోస్తు నయీముద్దీన్ కాజీపేటలో రైల్వే ఫిట్టరు. పాసు మీద హైదరాబాదు పోయినప్పుడల్లా గురువారం సంతలో పాత సామాన్లు వెతికేవాడు. ఒకసారి బిస్కెట్ డబ్బాలో దూది పరిచి, నల్లనీలం రంగు ముక్కలు తెచ్చాడు. ఎండ తగిలితే కరెంటు పుట్టించే బిళ్లలట, పగిలిపోయాయని ఎవరో తీసిపారేసినవి. ఒక్కో ముక్క నా బొటనవేలంత. అప్పడం కంటే సున్నితం. ఒక్కోదానికి అర వోల్టు వస్తుంది, పది కలిపి వరుసగా అతికితే రెండు సెల్లులకు సరిపోతుందని బావ లెక్క.

ఆ లెక్క కుదరడానికి రెండేళ్లు పట్టింది. టంకం పెట్టే కడ్డీ జరంత ఎక్కువసేపు ఆనితే ముక్క చిట్లేది. నయీముద్దీన్ మూడుసార్లు డబ్బా నింపి తెచ్చాడు. తీరా పది ముక్కలు అతికాక, పగలంతా చార్జి అయిన సెల్లులు తెల్లారేసరికి దిగిపోయేవి. ఎండ పోగానే సెల్లులోని కరెంటు తిరిగి ముక్కల్లోకి పారుతోందని తెలుసుకోవడానికి రెండు నెలలు, దానికి అడ్డంగా, కరెంటును ఒక్క వైపే పోనిచ్చే చిన్న డయోడు పెట్టడానికి రెండు నిమిషాలు. పదో తరగతి గ్రూపు ఫోటో ఫ్రేములోంచి తన బడి మొత్తాన్నీ బయటికి లాగేసి, ఆ అద్దాన్ని ముక్కల మీద బిగించాడు. దానికి ఎండపలక అని పేరు పెట్టాడు. మధ్యాహ్నం షాపు మూసి, ఎర్రటి ఎండలో దాబా మీద కూర్చుని, పలక తిప్పుతూ మీటరు ముల్లు చూసుకునేవాడు. అక్క గొడుగు పట్టుకుని పక్కన నిలబడేది. గొడుగు నీడ పలక మీద పడుతోందని తిట్టు కూడా తినేది, వినకుండా.

1982లో సద్దుల బతుకమ్మ నాటికి రెండు సెల్లులూ నిండుగా చార్జి అయ్యాయి. సాయంత్రం అక్క మిషను పెట్టుకుని వచ్చింది. నాలుగు చుట్లు ఊరికే తిరిగింది. అయిదో చుట్టులో, ఎవరూ అడగకుండానే, పాట ఎత్తుకుంది. ఎనిమిదేళ్ల తర్వాత విన్నాం ఆ గొంతు. కొంచెం బొంగురుపోయింది, అయినా అదే గొంతు. బావ గోడ వారన నిలబడి ముఖం అటు తిప్పుకున్నాడు. ఆ ఒక్క సాయంత్రం కోసం రెండేళ్లు కష్టపడిన మనిషి అని, నేను ఇప్పటికీ ఆయన మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేను.

ఆ తర్వాత రెండు రోజులకు దసరా. ఎండపలక సంగతి విని, ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ ఒకాయన దసరా నాడు పది గంటలకు వచ్చి చూస్తానన్నాడు. నచ్చితే కాలేజీలో పిల్లలకు చూపిస్తాడట. పదో తరగతితో చదువు ఆగిపోయిన బావకు అది ఎంత పెద్ద మాటో చెప్పనక్కర్లేదు. తెల్లవారకముందే లేచి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

ఇంట్లో ఆయుధపూజ. బావ పనిముట్లన్నీ కడిగి పీట మీద పెట్టి, అక్క పసుపు కుంకుమ పెడుతోంది. అసలు పనిముట్టు దాబా మీదుంది కదా, దానికి పూజ లేకపోతే ఎట్లా అని నాకు తోచింది. కుంకుమ పళ్లెం పట్టుకుని నేనే పైకెక్కాను. అద్దం మీద, ఒక్కో ముక్క నడుమ, ముందు గుండ్రంగా పసుపు, దాని మీద కుంకుమ. నేనేదైనా చేస్తే దండిగా చేస్తాను. పది ముక్కలకు పది బొట్లు పెట్టి, దండం పెట్టుకుని దిగాను. నీడ పడితే పలక పనిచేయదని రెండేళ్లుగా చెవులారా వింటున్నాను. బొట్టు కూడా నీడేనని నాకు తట్టలేదు. దేవుడికి పెట్టినట్టు పెట్టాను కదా, అది అడ్డమవుతుందని ఎవరనుకుంటారు?

అంతటితో ఊరుకున్నానా? లెక్చరర్ బావను మెచ్చుకునే మాటలు అక్క తన చెవులతో వినాలని ఇంకో ఆలోచన చేశాను. చార్జి సెల్లు మిషనులో వేసి, అక్క జాకెట్టుకు తగిలించి, పైట కప్పాను. బావకు చెప్పకు, వెనక నిలబడి విను, తర్వాత ఆశ్చర్యపోతాడు అన్నాను. అక్క చిన్నపిల్లలా సంబరపడింది.

నైవేద్యం దించేసరికి మాకు కొంచెం ఆలస్యమైంది. మేం మెట్లెక్కుతుంటే లెక్చరర్ దిగుతున్నాడు. ముఖాన మర్యాద నవ్వు ఉంది. తర్వాతెప్పుడైనా చూద్దాం, పండగపూట మీకు శ్రమ ఇచ్చాను అంటూ వెళ్లిపోయాడు. పైన బావ మాకు వీపు పెట్టి, పలక ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. మీటరు ముల్లు సున్నా దగ్గరే ఉంది. అంతసేపూ కంగారులో వైర్లే వెతుక్కున్నాడేమో, ఆయన చూపు అప్పుడే బొట్ల మీద పడినట్టుంది. వెనక అక్క గాజుల చప్పుడు విన్నాడు. తల తిప్పలేదు.

"బొట్లు పెట్టినవా? దీనికి బొట్లు పెట్టినవా?" అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. రోజూ అటు తిరిగి అనుకునేటట్టే అన్నాడు. "ఆ జరంలనే పోతే మంచిగుంటుండె నువ్వు. నాకీ గోస తప్పుతుండె."

నేను అక్క వెనకే ఉన్నాను. బొట్లు పెట్టింది నేను బావా అనడానికి ఎంతసేపు పడుతుంది? రోజుకు వందమంది గొంతులు కలిపేదాన్ని, నా గొంతులోంచి ఒక్క మాట రాలేదు. భయపడ్డానో, బిత్తరపోయానో, ఏమైనా అనుకోండి.

అక్క ముందుకు నడిచి ఆయన ఎదురుగా నిలబడింది. పైట కొంచెం జరిపి మిషను చూపించింది.

"మిషను మంచిగ పనిచేస్తాంది," అంది. "మాట సాఫ్‌గ ఇనబడ్డది."

చెవిలోంచి వైరు తీసి, డబ్బాకు చుట్టి, ఆయన పక్కన పెట్టి కిందికి వెళ్లిపోయింది. బావ చాలాసేపటికి తడిగుడ్డతో అద్దం తుడిచాడు. పది బొట్లు పోవడానికి అర నిమిషం పట్టలేదు. ముల్లు లేచి, ఎప్పటి చోటికి వచ్చి నిలిచింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో గొడవలేం జరగలేదు. అక్క వండింది, వడ్డించింది, పుట్టింటికి రమ్మని నేనంటే నవ్వి ఊరుకుంది. మిషను మాత్రం ముట్టుకోలేదు. బావ పూర్తిగా మారిపోయాడు. అటు తిరిగి మాట్లాడటం మానేశాడు. ఏం చెప్పాలన్నా అక్క ఎదురుగా వచ్చి కూర్చుని, మెల్లగా చెప్పేవాడు. తప్పయిందని ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆయన పెదాలు చూసి అక్క సరేనన్నట్టు తలూపేది. రోజూ సెల్లులు చార్జి చేసి గూట్లో పెట్టేవాడు. అక్క వాటిని టార్చిలైటులో వేసుకునేది.

బయట మాత్రం బావకు పేరొచ్చింది. నయీముద్దీన్ వాళ్ల తమ్ముడి టేప్ రికార్డరుకు ఒక పలక చేసిచ్చాడు. తర్వాత తొర్రూరు నుంచి కూడా అడిగారు. 1986 మేడారం జాతరలో తప్పిపోయినవాళ్ల పేర్లు పిలిచే చేతి మైకులకు ఈయన పలకలే సెల్లులు నింపాయి. బావ కూడా పోయి పొద్దంతా ఆ మైకులో పిలిచాడు. ఎంతోమంది విన్నారు ఆయన గొంతు. వినవలసిన మనిషి ఇంట్లో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది.

ఏడేళ్లు నేను నా సంగతి కడుపులోనే పెట్టుకున్నాను. 1989లో, సద్దుల నాడు, పువ్వులు పేరుస్తుంటే ఆపుకోలేకపోయాను. అక్క గడ్డం పట్టి నా వైపు తిప్పుకుని, మిషను పెట్టుకోవే, ఒక్క పాట పాడవే అని బతిమాలాను.

"పెట్టుకుంటే మల్ల అదే ఇనబడ్తదే నాకు," అంది అక్క, తంగేడు పువ్వులు సర్దుకుంటూ.

అప్పుడు చెప్పాను. ఆ బొట్లు నేను పెట్టినవి అక్కా, నీకు తగలాల్సిన మాట కాదది అన్నాను. అక్క ఆశ్చర్యపోలేదు.

"నాకు తెల్వదా? గంత కుంకుమ మనింట్ల ఇంకెవరు పెడ్తరు?"

మరి అప్పుడే బావకు ఎందుకు చెప్పలేదని అడిగాను. అక్క నా ముఖంలోకి చూసింది.

"చెప్పితే నిన్ను అంటుండె గద. నువ్వు ఇంటవ్, నీకు చెవులున్నయ్."

ఆ సాయంత్రం అక్క ఎప్పటిలాగే పక్కవాళ్ల చేతులు చూసి చప్పట్లు కొడుతూ తిరిగింది. బతుకమ్మను నీళ్లలో వదిలి ఇంటికొస్తే, బావ గడపలో కూర్చుని ఉన్నాడు. పండక్కి ప్రత్యేకంగా నింపిన రెండు సెల్లులు ఆయన అరచేతిలో ఉన్నాయి. పెట్టుకుందా అని నన్ను కళ్లతో అడిగాడు. లేదన్నాను. ఆయనకు ఇంకా అవి అక్క పెట్టిన బొట్లే. కాదని చెప్పడానికి ఆ గడప దగ్గర కూడా నోరు తెరిచాను. తిన్నావా బావా అని అడిగి లోపలికి వెళ్లాను.