వదిలేసిన కొమ్మ

మా ఆవిడ పుట్టింటికి వెళ్తూ నాకు అప్పజెప్పిన కుండీ మందారానికి పేనుబంక పట్టింది. అది చస్తే నా పని అయిపోయినట్టే. తాడేపల్లిగూడెం నర్సరీ ఆవిడను పిలిపించాను. కుంకుడు నురుగుతో, చంటిపిల్ల మొహం తుడిచినట్టు ఆకాకూ తుడిచి, ఒక్క కొమ్మ మాత్రం వదిలేసింది.

"అదీ తుడవండి."

"ఉండనివ్వండి బాబుగారూ. ఎర్ర వీపు మీద నల్లచుక్కలుండే అక్షింతల పురుగు వీటిని తినిపెడుతుందండీ. దానికంటూ కొంచెం ఉంచకపోతే ఎందుకొస్తుందండీ?"

కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి. మళ్లీ పిలిపించుకునే ఎత్తు అనుకుని, ఆవిడ వెళ్లగానే ఆ కొమ్మా తుడిచేశాను. వారానికల్లా మొక్కంతా బంక.

కబురు పెడితే నర్సరీ ఆవిడ వచ్చి, తను వదిలిన కొమ్మకేసి ఓసారి, నాకేసి ఓసారి చూసింది. మళ్లీ అంతా తుడిచి, ఈసారి రెండు కొమ్మలు వదిలింది.

"రెండోది ఎవరికండీ?" అన్నాను.

నవ్వి వెళ్లిపోయింది. నేను తుడుచుకోడానికేనా? ఇప్పటికీ తేలలేదు.