కేక్‌కి కట్టిన మడి

ఐర్లండ్‌లోని నేవన్‌లో మా ఎదురింటి ఆంటీ కేక్ చెయ్యాలంటే మడి కట్టుకునేవారు. దేవుడి కోసం కాదు, ఇంట్లో తిరిగే నల్ల లాబ్రడార్ కుక్క వల్ల. "కుక్క ఉన్న ఇంట్లో మేం తినం" అని ఎవరో తెలుగువాళ్ళే అన్నారట. అప్పట్నుంచీ తలస్నానం చేసి, డ్రయర్‌లోంచి తీసిన చీర కట్టుకుని, పిండి రెండుసార్లు జల్లించేవారు. కుక్క దగ్గరికొస్తే, "ముట్టుకోకురా నాన్నా, మడిలో ఉన్నా" అనేవారు. అది వంటింటి గుమ్మం బయటే బుద్ధిగా కూర్చునేది.

లాక్‌డౌన్‌లో నా పుట్టినరోజుకి కేక్ తెచ్చి మా గుమ్మంలో పెట్టి, గేటు అవతలికెళ్ళి నిలబడ్డారు. "నా ఎదురుగా తిను. బొచ్చు కనిపిస్తే దాచకుండా చెప్పాలి."

ముక్క తుంచాను. నిజంగానే వెంట్రుక! మెల్లగా లాగి చూస్తే జానెడు పొడుగుంది. కుదురు దగ్గర తెలుపు, మిగతాదంతా రంగేసిన నలుపు.

తలెత్తాను. పార్లర్లు మూసేసి మూడు నెలలయింది. ఎండలో ఆంటీ పాపిట తెల్లగా మెరుస్తోంది.

"ఏమైనా వచ్చిందా?" ఆవిడ గేటు మీదుగా తొంగి చూశారు.

"కుక్క బొచ్చు ఒక్కటి కూడా లేదాంటీ," అన్నాను, వెంట్రుకని పిడికిట్లో దాచుకుని.

ఆవిడ గిర్రున వెనక్కి తిరిగి, కిటికీలోంచి చూస్తున్న కుక్కతో గట్టిగా అన్నారు: "విన్నావురా? నీ పరువు నిలబెట్టాను!"