కంబళి అంచులో కాగితం రూపాయలు

హోసూరులో నా కుట్టుమిషను అంగడికి వచ్చేవాళ్లు ఫోను చూపించి డబ్బు కట్టి పోతారు. డబ్బు పడిందని గోడకున్న డబ్బా మోగేదాకా నాకు నమ్మకం కుదరదు. "ఇంకా మోగలేదమ్మా, ఉండు" అని ఆపేస్తాను. ఆపిన ప్రతిసారీ మా అవ్వ గుర్తొచ్చి సిగ్గేస్తుంది. కెలమంగలం చుట్టుపక్కల కాగితం రూపాయిని నమ్మిన మొదటి మనిషి మా అవ్వేనని నేను అందరికీ గొప్పలు చెప్పుకుంటాను మరి. నిజంగా మొదటి మనిషి కాకపోవచ్చు. నాకు మాత్రం ఆమే మొదటిది.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. వెండి రూపాయలను జనం ఇళ్లలో దాచేసుకున్నారు. చిల్లరకు కటకట అయి సర్కారు రూపాయి నోట్లు అచ్చువేసింది. మా తాత అప్పటికే పోయాడు. అవ్వకు మిగిలింది చంకలో మా నాయన, ముందు గొర్రెల మంద. బెంగళూరు దండుకు మాంసం కావాలని వచ్చిన బేరగాళ్లు సంతలో కాగితాలే ఇస్తామన్నారు. తక్కినవాళ్లు మందలు వెనక్కి తోలుకుపోయారు. అవ్వ సగం మందను అమ్మేసింది. ఊళ్లో ఒక పెద్దరైతు రాగిచేను అమ్మకానికి పెట్టి ఉన్నాడు. అది కొంటే బిడ్డను ఎత్తుకుని మంద వెంట ఊళ్లు తిరిగే బాధ తప్పుతుంది. ఆమె ఆశ అంతా ఆ చేని మీదే.

తప్పు ఆ తరువాత చేసింది. గొర్రెలవాళ్లు డబ్బును కంబళి అంచులో మడిచి కుట్టేస్తారు. కంబళి ఎప్పుడూ ఒంటి మీదే ఉంటుంది, వెండిని వాన ఏం చేస్తుంది? అవ్వ కాగితాలనూ అలాగే కుట్టింది. రెండు రోజులు వాన పట్టింది. అంచు విప్పి చూస్తే నోట్లన్నీ ముద్ద. ఊరు ఊరంతా నవ్వింది. ఆమె ఏడవలేదట. ఒక్కొక్కటే విడదీసి, బండ మీద ఎండకు పరిచి, ఒక్కో నోటు మీద ఒక్కో గులకరాయి పెట్టి కాపలా కూర్చుందట.

పెద్దరైతు ఆ నోట్లను చేత్తో ముట్టుకోలేదు.

"వెండి ఉంటే తీసుకోని రా అమ్మా. రేపు సాయంత్రం దాకా చూస్తాను. లేదంటే వేరేవాళ్లకి ఇచ్చేస్తాను."

"నా దగ్గర వెండి యాడుందప్పా? ఒక్కటీ లేదు" అంది అవ్వ.

మరునాడు తెల్లవారకముందే బిడ్డను ఎత్తుకుని హోసూరు ఖజానాకు నడిచింది. గుమాస్తా నోట్లను వెలుతురుకు పట్టి చూశాడు. "నంబర్లు తెలుస్తానే ఉండాయి కదమ్మా, చెల్లుతాయి" అని కొత్తవి ఇచ్చాడు. ఆమె వెంటనే బయలుదేరలేదు. అక్కడ శిస్తు కట్టేవాళ్లను కాసేపు నిలబడి చూసింది. పొద్దు వాలేలోగా పెద్దరైతు అరుగు ముందుకు వచ్చేసింది.

"నీ చేనికి కట్టే శిస్తును సర్కారే కాగితాల్లో తీసుకుంటా ఉందప్పా. నా కండ్లతో చూసి వచ్చినాను. సర్కారు తీసుకునేది నువ్వెందుకు తీసుకోవు?"

ఆయన నోట్లు అందుకుని లెక్కపెట్టుకున్నాడు. చేను మాదైంది. ఆ చేని రాగులు తిని మా నాయన పెరిగాడు, నేనూ పెరిగాను. ఇప్పటికీ ఆ సంగటి తింటున్నప్పుడు నా మెడ కాస్త నిక్కుతుంది.

పోయిన నెల ఎనభై దాటిన మా నాయన ఆ కంబళిని అంగడికి తెచ్చాడు. అంచు చీకిపోయింది, కుట్టిపెట్టమన్నాడు. మూల విప్పుతుంటే కత్తెరకు గట్టిగా ఏదో తగిలింది. గుండీ అనుకున్నాను. తీసి చూస్తే నల్లబడిన వెండి రూపాయి. ఎన్ని వరసలు కుట్టిందో గానీ, ఆ దారం తెంపడానికి నా మంచి కత్తెర కూడా మొరాయించింది.

ముందు నాకు కోపం వచ్చింది. ఒక్కటీ లేదని పెద్దరైతుకు చెప్పింది సరే, కథ చెప్పిన ప్రతిసారీ నాకూ అదే చెప్పిందే! కాగితాలు చెల్లకపోతే బిడ్డకు గంజైనా పోయాలని దాచుకుంది కాబోలు.

రూపాయిని నాయన చేతిలో పెట్టాను. బొటనవేలితో రుద్ది రుద్ది చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. తరువాత బట్టల కోసం వచ్చినవాళ్లందరికీ వినపడేలా, ఛాతీ విరుచుకుని అన్నాడు:

"చూస్తివామ్మా, మా అమ్మకీ భయం ఉండింది! అంత భయం పెట్టుకోని గూడా పోయింది, హోసూరు దాకా, నన్నెత్తుకోని."