పేరు రాయని చీటీ

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదు. కానీ మూడేళ్ల కిందట నేనెంత తెలివైనవాణ్ణని అనుకునేవాణ్ణో తలచుకుంటే ఆ మాటే నోటికొస్తుంది. పెనుకొండ పక్క పల్లె బడిలో ఆరు నెలల కాంట్రాక్టు ఉద్యోగం. ఏడో తరగతి అయిపోయి పెనుకొండ హైస్కూలుకు పోబోయే పిల్లలకు ధైర్యం చెప్పాలి. మొటిమలు, మారే గొంతులు, కొత్త స్నేహాలు, అన్నిటికీ నేనే దిక్కు. ("బల్లిని చూసి మంచమెక్కేటోనివి, నువ్వు ధైర్యం చెప్తావా?" అనింది మా అవ్వ.)

ధర్మవరంలోని మా ఇంటి నుంచి పట్టుచీర డబ్బా ఒకటి తెచ్చి, మూతకు కంత చేసి, "మీ భయాలు చీటీ మీద రాసి వెయ్యండి. పేరు రాయొద్దు. ఎవరిదో నాక్కూడా తెలీదు" అని ప్రకటించాను. మరుసటి రోజు అందరి ముందూ తెరిస్తే ముప్పై రెండు చీటీలు. ముప్పై ఒకదానికి పైన పేరు, తరగతి, రోల్ నంబరు, పక్కన స్కేలుతో గీసిన మార్జిన్! (ఒకడైతే "పేరు వద్దన్నారని ఇంటిపేరు రాయలేదు సార్" అని వివరణ కూడా ఇచ్చాడు.) పేరు లేనిది ఒక్కటే దొరికింది. నా పథకం పారిందన్న మురిపెంతో దాన్ని గట్టిగా చదివేశాను: "పెద్దబడిలో మొదటి రోజు ఏడుపొస్తే యాడ ఏడ్చాల?"

క్లాసు గొల్లున నవ్వింది. ఈలోగా మిగతా చీటీలను నంబర్ల వరసలో పేర్చేసిన లీడరమ్మాయి లేచింది. "సార్, పన్నెండో నంబరుది లేదు. ఇది వానిదే!"

పన్నెండో నంబరంటే పామును తోక పట్టి విసిరిన మొనగాడు. అందరూ తిరిగి చూసేసరికి వాడి చెవులు ఎర్రబడ్డాయి, చెయ్యి సంచి మీదికి పోయింది. ఇప్పుడు లేచి బయటికి పోతే రేపు బడికి రాడు. క్లాసు మొత్తంలో నా మాట నమ్మింది వాడొక్కడే మరి.

"అది నాదే. వానిది డబ్బా మడతలో ఇరుక్కునింటుంది" అన్నాను.

"మీదా? మీరు యాడికి పోతారు సార్?"

"కాంట్రాక్టు అయిపోతానే హిందూపురం పెద్దబడిలో కొత్త ఉద్యోగం."

చీటీలో రాత నా బోర్డు రాతంత ఘోరంగా ఉండటంతో వెంటనే నమ్మేశారు. ఆపైన సలహాలు.

"బాత్రూములో వద్దు సార్, తలుపు కొడతానే ఉంటారు."

"కొళాయి కాడ ముఖం కడుక్కుంటా ఏడ్చండి, తెలీదు."

"అన్నం తిన్నాంక ఏడ్చండి సార్, ముందైతే ముద్ద దిగదు" అంది లీడరమ్మాయి.

"బస్సులో కిటికీ పక్కన కూచోండి. గాలికి ఆరిపోతాది."

పన్నెండో నంబరు తలెత్తకుండా అన్నీ నోట్సులో రాసుకున్నాడు. మార్జిన్ గీసి మరీ.

నా ఆఖరి రోజు సాయంత్రం వాడొక్కడే హిందూపురం బస్సు దాకా వచ్చాడు. "కిటికీ సీటు పట్టుకో సార్" అని చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. పట్టుకున్నాను. ధైర్యం చెప్పడానికి జీతం తీసుకున్న ఆ మొనగాణ్ణి ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, పిల్లల సలహా మాత్రం గట్టిదే. దారిలో సోమందేపల్లి రాకముందే ఆరిపోయింది.