పిన్ని చదవమన్న మాటలు

ఆదివారం ఉదయం చర్చికి బయలుదేరుతూ, చెప్పులేసుకుంటూనే మా పిన్ని కుప్పకూలిపోయిందని, ఇక లేదని తమ్ముడు ఫోన్ చేశాడు. తిరువూరులో ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామందే చివరిచూపుకి వచ్చారు. అందరూ ఆమె లెక్కలు చెప్పే తీరు తలుచుకున్నారు. నేను తలుచుకోవాల్సింది వేరే ఉంది.

ఆమె మా అమ్మకు చెల్లెలు, బళ్ళో టీచరు. మాది ఎ.కొండూరు పక్క పల్లె కావడంతో ఇంటర్ తిరువూరులో ఆమె ఇంట్లో ఉండే చదివాను. ఊళ్ళో నెట్ సెంటర్లు కొత్తగా వెలుస్తున్న రోజులవి. నా పెదవి పక్కన తెల్లమచ్చ ఉంది. కాలేజీలో నాతో మొదట మాట కలిపిన అమ్మాయే నా ఫొటో పెట్టి, నా పేరుతో నెట్‌లో ఒక పేజీ తెరిచింది. దాని కింద ఎవరెవరో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవారు. నాకు 'సున్నం' అని పేరు పెట్టారు.

చూడకుండా ఉండలేకపోయేదాన్ని. కాలేజీ పనని చెప్పి వెళ్ళి, కొత్తగా ఏం రాశారోనని వెతికేదాన్ని. ఒక్కరైనా నా తరఫున మాట్లాడి ఉంటారేమోనని ఆశ. ఎవరూ మాట్లాడలేదు.

పిన్ని గుచ్చి గుచ్చి అడిగే మనిషి కాదు. నేను అన్నం కంచం గదిలోకి తీసుకెళ్ళి తింటున్నా చూసి ఊరుకుంది. ఒక సాయంత్రం కాలేజీ మానేస్తానన్నాను. బతకాలని లేదని కూడా అన్నాను. ఆమె చేతిలోని చాట పక్కన పెట్టి, "పద, అదేంటో నాకూ చూపించు" అంది.

నెట్ సెంటర్లో ఒకే బల్ల మీద ఇరుక్కుని కూర్చున్నాం.

"చదువు. నేను వింటాను."

ఒక్కొక్కటీ చదివాను.

"వీళ్ళంతా నీకు తెలుసా?"

"ఇద్దరు ముగ్గురు తెలుసు. మిగతావాళ్ళెవరో తెలీదు పిన్నీ."

"తెలీనివాళ్ళ మాట అంత నిజమెలా అయిందే నీకు?"

"అమ్మ కూడా అదే అంటుంది కదా. పెళ్ళిళ్ళకెళ్తే పౌడరు దట్టంగా రాసుకోమంటుంది. ఆ పౌడరు కొనిచ్చింది నువ్వే."

పిన్ని నావైపు తిరిగింది. "అయితే ఇది మొదలైంది మనింట్లోనే అన్నమాట" అంది.

మర్నాడు ప్రిన్సిపాల్‌ని కలిసింది. పిలిపిస్తే ఆ అమ్మాయి ఏడ్చింది, పాస్‌వర్డ్ మర్చిపోయానంది. పేజీ చాలాకాలం అలాగే ఉంది. పిన్ని ఊరెళ్ళి అమ్మతోనూ గొడవపడింది. "దాని మొహం గురించి మనం ఇక నోరెత్తొద్దక్కా. బయటోళ్ళు అన్నప్పుడు తట్టుకునే బలం దానికి లేకుండా చేసింది మనమే." అమ్మ కొన్నాళ్ళు ఆమెతో మాటలు మానేసింది.

నాకు పూర్తిగా నయమైందని చెప్పలేను. ఇప్పటికీ ఫోన్‌లో మెసేజ్ చప్పుడైతే ముందు ఫోన్ బోర్లా తిప్పి పెడతాను. పిన్నికి అది తెలుసు. జ్వరం సంగతి అడిగినట్టు, "తగ్గిందా?" అనేది. కొంచెం అని నేనంటే, "కొంచెమైనా తగ్గడమేగా" అనేది.

తన బడి ఇటైతే మా కాలేజీ అటు. అయినా ఆ ఏడాదంతా పొద్దున్నే నాతో కాలేజీ దాకా నడిచొచ్చింది. గేటు దాటి వెనక్కి తిరిగితే, విస్సన్నపేట వెళ్ళే ఆటోల పొగలో సంచీ భుజాన వేసుకుని నిలబడి ఉండేది. నావైపు చూసేది కాదు. నా పక్కనుంచి లోపలికి వెళ్తున్న పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూస్తూ ఉండేది.