పెట్టె మీద అరచెయ్యి

మా వియ్యపురాలు పోయారు. తర్లగూడలో తమ్ముడి ఇంట్లో, పొద్దున టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, అలాగే గోడకు ఒరిగారట. మా కోడలు ఫోన్ చేసి, "అమ్మ లేదు అత్తయ్యా" అని ఒక్క మాట చెప్పింది. మా అబ్బాయి జీపు మాట్లాడడానికి బజారుకు వెళ్ళాడు. నేను చీర మార్చుకుని ముందు గదిలో కూర్చున్నాను. ఎదురుగా బల్ల మీద పాత కంప్యూటర్ ఉంది. ఆవిడ గురించి చెప్పాలంటే నేను దాని దగ్గరే మొదలుపెట్టాలి.

కాదు, అంతకు ముందు పెళ్ళిచూపులు. మగవాళ్ళు జాతకాలు మాట్లాడుతుంటే ఆవిడ తలెత్తి మా పైకప్పు వంక చూస్తున్నారు. నాకు కోపం వచ్చింది. కాసేపటికి, "ఏంది వదినా, ఈ ఫ్యాన్ ఎన్నొద్దుల నుంచి గిట్ల అరుస్తుంది? మీ అబ్బాయి సంగతి తర్వాత జూద్దాం. ముందు దీన్ని దింపియ్యండ్రి, నెత్తి మీద పడుతది" అన్నారు. పొగరనుకున్నాను. పొగరే. మర్నాడు మేస్త్రీ వచ్చి ఫ్యాన్ దింపితే కొక్కెం సగానికి పైగా అరిగిపోయి ఉంది. పెళ్ళికి ఒప్పుకున్నాను.

తర్లగూడలో వరి పండించే ఇంట్లో పుట్టి, భోపాలపట్నంలో హిందీలో చదువుకుని, మా ఇనుప గని టైమ్ ఆఫీసులో ఉద్యోగానికి వచ్చారు. షిఫ్టు బస్సు కొండెక్కే ముందు కిటికీ దగ్గర నిలబడి హాజరీ పిలవడం ఆవిడ పని. సాహెబులతో హిందీ, కూలీలతో గోండీ, హల్బీ, మాతో తెలుగు. పేరు పిలిచినప్పుడు వచ్చే జవాబులోని గొంతును బట్టి ఎవరికి జ్వరమో, ఎవరు రాత్రి తాగారో చెప్పేవారు. అలాంటివాళ్ళను బస్సెక్కనిచ్చేవారు కాదు. ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాక వాటితోనూ అలాగే మెలిగారు. ఎవరైనా మెచ్చుకుంటే కాదనేవారు కాదు. "ఇంకోసారి చెప్పండ్రి, ఆ చెవికి గూడ వినబడాలె" అని నవ్వేవారు.

మా మహిళా మండలిలో రక్తదాతల పని నాది. ఎవరిది ఏ గ్రూపు, ఏ క్వార్టర్లో ఉంటారు, ఏ షిఫ్టు, ఫోన్ నంబరు ఏది, అన్నీ మా ఇంట్లో ఉన్న ఈ కంప్యూటర్లోనే ఉండేవి. టౌన్‌షిప్‌లో మనుషులు మారుతూనే ఉంటారు కనుక వారం వారం సరిచేసేదాన్ని. అదే కంప్యూటర్లో మండలికి ఇంకో ఆస్తి కూడా ఉండేది. రిటైరై సొంత ఊళ్ళకు వెళ్ళే కుటుంబాలు తమ ఫొటోలున్న హార్డ్ డిస్క్‌ను మాకు ఇచ్చి వెళ్ళేవి. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల బొమ్మలు ఇక్కడ కూడా ఉండాలని వాళ్ళ కోరిక. ఎవరి వీడ్కోలు సభ జరిగినా ఆ ఫొటోలు గోడ మీద వేసి చూపించడం మా ఆనవాయితీ. వచ్చిన డిస్క్‌ను వచ్చినట్టే ఆ పెట్టెలో బిగించేవాళ్ళం. అసలుది కాక నాలుగు చేరాయి. ఇక చోటు లేదని మేం గర్వంగా చెప్పుకునేవాళ్ళం.

మా దగ్గర కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. పోయినప్పుడల్లా కంప్యూటర్‌ను మళ్ళీ లేపాలి. ఒక్కో డిస్కూ చేరేకొద్దీ అది లేవడం ఆలస్యమవుతూ వచ్చింది. స్విచ్చి నొక్కి పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చేదాన్ని. పాతదైందిలే అనుకున్నాను.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆవపల్లి వైపు నుంచి కాన్పుకు తెచ్చిన అమ్మాయి, రక్తం ఆగడం లేదు, దొరకని గ్రూపు. ఆ అమ్మాయి భర్త తడిసిన బట్టలతో మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. అప్పుడే కరెంటు పోయి వచ్చింది. నల్లటి తెర మీద చిన్న తెల్ల గీత మినుకుమంటోంది, అంతే. నాకు గుర్తున్న ఒక నంబరుకు ఫోన్ చేస్తే ఆయన బదిలీపై వెళ్ళిపోయాడన్నారు. గుమ్మంలో మనిషి ఆ తెల్ల గీత వంకే చూశాడు. పప్పు మాడిన వాసన వచ్చాక తెర తెరుచుకుంది. క్యాంటీన్‌లో పనిచేసే కుర్రాడు దొరికాడు, పరుగెత్తాడు. తల్లీ బిడ్డా దక్కారు. ఇంకొంచెం ఆలస్యమైతే చేతిలో ఏమీ ఉండేది కాదని డాక్టరమ్మ అన్నది.

బజారులో కంప్యూటర్ షాపతను వచ్చి చూసి, "వైరస్ మాతాజీ. అంతా తుడిచేసి మళ్ళీ ఎక్కించాలి" అన్నాడు. రిటైరయ్యాక తర్లగూడలో తమ్ముడి ఇంట్లో ఉంటున్న వదినకు ఫోన్ చేశాను.

"ఆయన చెయ్యి దాని మీద పడనియ్యకుండ్రి. పొద్దటి బస్సుకు నేనొస్తున్న."

వచ్చీ రాగానే కాఫీ తాగారు, రెండోసారి కూడా పోయించుకున్నారు. తర్వాత చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుని, కంప్యూటర్‌ను ఆన్ చేసి, పెట్టె మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు.

"దేవుణ్ణి మొక్కుతున్నారా?" అన్నాను.

"మీరు జర గమ్మునుండుండ్రి వదినా. హాజరీ నడుస్తుంది."

కాసేపటికి మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు. "ఒకటి లేచింది. ఇంకోటి లేచింది. ఇది... ఆగుండ్రి. మూలుగుతుంది. లేవబోయి కూలబడ్డది. మళ్ళ పిలుస్తుంది. మళ్ళ కూలబడ్డది."

నేను చెయ్యి పెడితే నాకేమీ తెలియలేదు. నా చేతిని తన చేతి కింద పెట్టి నొక్కి పట్టుకున్నారు. అప్పుడు తెలిసింది. సన్నటి వణుకు, ఆగడం, లోపల ఎక్కడో గోటితో తట్టినట్టు చిన్న చప్పుడు, మళ్ళీ వణుకు. కొండ మీద గని పేలుళ్ళకు కిటికీ అద్దాలు అదరడం ఏళ్ళ తరబడి విన్నదాన్ని. మా ముందు గదిలో, రోజూ తుడిచే పెట్టెలో, ఒక ప్రాణి లేవడానికి ఇంత కష్టపడుతోందని నాకు తెలియదు.

"పెట్టె లేవాలంటే లోపలున్న అందరినీ పేరుపెట్టి పిలుస్తది" అన్నారు వదిన. "ఒక్కడు పలకకపోతే బస్సు కదలదు. పలికేదాక పిలుస్తనే ఉంటది."

కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, ఒంట్లో కరెంటేమైనా ఉంటే దిగిపోవాలని కిటికీ ఇనుప చువ్వను ఒకసారి తాకి, అప్పుడు పెట్టె మూత విప్పారు. మరలు విప్పినవి విప్పినట్టు మా ఇడ్లీ పళ్ళెం గుంటల్లో వరసగా పెట్టారు. నాలుగు డిస్కుల తీగలూ తీసేసి అసలుదాన్ని ఒక్కదాన్నే ఉంచి ఆన్ చేస్తే, నేను కళ్ళద్దాలు తుడుచుకునేలోపు తెర వచ్చేసింది. అప్పుడు ఒకదాన్ని కలిపి ఆన్ చేశారు. ఆపి, రెండోదాన్ని కలిపారు. నాకు ఓపిక పోయి, మిగిలిన రెండూ కలిపేయమన్నాను.

"ఒక్కసారికి ఒక్కటే మార్చాలె వదినా. రెండు మారిస్తే ఏది చేసిందో దేవుడికి గూడ తెల్వదు."

మూడోది కలిపినప్పుడు తెల్ల గీత దగ్గర ఆగిపోయింది. తీగ తప్పేమోనని వేరే తీగ వేసి చూశారు. అప్పుడూ ఆగింది. అన్నిటికంటే పాతది అదే, శ్రీకాకుళం వెళ్ళిపోయిన డంపర్ డ్రైవర్ కుటుంబానిది. అదికాక, ఎవరిని ముందు పిలవాలన్న వరసలో అసలు డిస్కు అందరికంటే వెనక ఉందట. దాన్ని ముందుకు తెచ్చారు.

"పారేద్దాం" అన్నాను. "దీనివల్ల ఒక ప్రాణం పోబోయింది."

"ముసలోడు గొంతు లేపలేకపోతే పేరు కొట్టేస్తమా? బస్సులకెల్లి దింపుతం. ఇంటికాడ కూసొని పలుకుతడు."

దాన్ని బయట వేరే డబ్బాలో పెట్టి, వేరే ప్లగ్గు ఇచ్చారు. నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉండి, కాసేపు నడిపి, వేడెక్కగానే ఆపి, చల్లారాక మళ్ళీ నడిపి, ఫొటోలన్నీ కొత్తగా కొన్న డిస్కులోకి ఎక్కించారు. చాలాసార్లు అది పలకలేదు. ఆవిడ విసుక్కోలేదు. వంటలో ఉప్పు తగ్గితే నా మీద విసుక్కున్న మనిషి, ఆ ఇనుప ముక్క ముందు పసిబిడ్డ లేచేదాకా కాచుకున్నట్టు కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు, రక్తదాతల వివరాలు ప్రతి సోమవారం కాగితం మీద కూడా అచ్చు తీయమని గట్టిగా చెప్పారు. తీస్తున్నాను.

ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా, కాళ్ళు కడుక్కున్నాక ముందు ఆ పెట్టె మీదే చెయ్యి వేసేవారు. మా దగ్గర ఎంత తుడిచినా ఎర్రటి ఇనుప దుమ్ము పడుతుంది. అందులో ఆవిడ అయిదు వేళ్ళూ అచ్చు దిగేవి. "మీ గుర్తు వేసి పోతున్నారు వదినా" అని నేను గుడ్డతో వెనకే తిరిగేదాన్ని. "ఉండనియ్యండ్రి, నా హాజరీ" అనేవారు. నేను తుడిచేసేదాన్ని.

ఆవిడ పోయిన కబురు వచ్చిన ఆ పొద్దునే, జీపు ఇంకా రాకముందు, ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. గనిలో చెయ్యి నలిగిన మనిషి, రక్తం కావాలి. సోమవారం కాగితంలో ఉన్నవాళ్ళలో ఒకరు సెలవులో ఊరెళ్ళారని, నిన్న సరిచేసిన వివరాలు కంప్యూటర్లోనే ఉన్నాయని గుర్తొచ్చింది. స్విచ్చి నొక్కాను. తెర వెంటనే వచ్చింది. నంబరు చదివి చెప్పాను. అటునుంచి, "బయల్దేరాడమ్మా" అన్నారు.

బయట జీపు హారను కొట్టింది. లేవబోతే తెలిసింది, నా కుడి చెయ్యి ఇంతసేపూ పెట్టె మీదే ఉందని. తీశాను. ఎర్రటి దుమ్ములో అయిదు వేళ్ళు, అరచెయ్యి. గుడ్డ పక్కనే ఉంది. తలుపు దగ్గరికి వేసి జీపెక్కాను.